కలలోనా, కల్లానా

గుంటూరు,
మంగళవారం రాత్రి.

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు సువార్త ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. నువ్వు, అమ్మ, నాన్న ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. నాన్న బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నాడా? అమ్మ మోకాలికి రాసుకోమని పంపిన నూనె వాడుతోందా, లేక ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళకి రాద్దామని దాచిపెట్టిందా? నేనిక్కడ బాగానే ఉన్నాను. దగ్గు ఒకటి ఉంది గానీ అది మా షెడ్డులో అందరికీ ఉంది కాబట్టి దాన్ని జబ్బు కింద జమకట్టకండి.

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. నవ్వుకో, నాకు సంతోషమే. నా నంబరు బ్లాక్ చేశావు. నా గదిలో ఉండే కుమారి ఫోన్లోంచి చేస్తే, నా గొంతు వినగానే పెట్టేశావు. అమ్మకి చేస్తే "పక్కనే ఉన్నాడే, మాట్లాడడంట" అంటుంది. రెండు నెలలుగా ఇదే వరస. ఉత్తరాన్ని బ్లాక్ చేసే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కావాలనే మన కనిగిరి షాపు అడ్రసు రాశాను. సెల్‌ఫోన్లు బాగుచేయించుకునే వాళ్ళ ఎదురుగా చించెయ్యడానికి నీకు మొహమాటం అడ్డొస్తుందని నాకు తెలుసు.

పాడటం మానేశావని అమ్మ చెప్పింది. ఆర్కెస్ట్రా వాళ్ళు పిలిచినా వెళ్ళడం లేదట. చర్చిలో వెనక బల్ల మీద నోరు మూసుకుని కూర్చుంటున్నావట. మట్టల ఆదివారం ఊరేగింపులో కూడా వేరేవాళ్ళని పాడమనండి అని పాస్టరుగారికి చెప్పేశావట. ఈ ఉత్తరం ఆ సంగతి గురించే. కానీ నేరుగా అక్కడికి వస్తే నువ్వు రెండో లైనులోనే మడిచి జేబులో పెట్టేస్తావు. అందుకని ముందు ఇక్కడి కబుర్లు చెబుతాను.

నా పని మిరపకాయలకు తొడిమలు తీయడం, తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కన వేయడం. ఊరి బయట కోల్డ్ స్టోరేజీ పక్కన పెద్ద రేకుల షెడ్డు. నలభై మంది ఆడవాళ్ళం బారులు తీరి కూర్చుంటాం. మొదటి వారమంతా తుమ్ములతోనే సరిపోయింది. చేతులకు కొబ్బరినూనె రాసుకున్నా మంట పోదు. కంట్లో చెయ్యి పెట్టుకోకూడదని మొదటిరోజే నేర్చుకున్నాను, ఎలా నేర్చుకున్నానో అడగొద్దు. ఎండలు అప్పుడే ముదిరాయి. మధ్యాహ్నం రెండింటికి రేకుల కింద కూర్చుంటే కాయలతో పాటు మేమూ ఎండుతాం. తిండికి లోటు లేదు, అమ్మని బెంగపెట్టుకోవద్దని చెప్పు. కాకపోతే ఇక్కడివాళ్ళు పొద్దంతా పీల్చిన కారం చాలదన్నట్టు కూరల్లో కూడా గుప్పెడు వేస్తారు. సజ్జరొట్టె మీదకి మనసు పోతోంది. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే నాలుగు రొట్టెలు పంపమను, ఎండిపోయినా పర్వాలేదు.

చర్చి పక్క సందులో గది. కుమారిది పల్నాడు వైపు ఊరు, పందొమ్మిదేళ్ళు, నోరు ఊరుకోదు. ఆదివారం అది వాళ్ళ ఊరికి పోయినప్పుడు మాత్రం గది బావురుమంటుంది. అప్పుడు నీ గొంతు వినాలనిపిస్తుంది. ఈ మాట బడాయికి రాయడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. మా షెడ్డులో ఎవరూ నోరు తెరిచి పాడరు. తెరిస్తే ఘాటు గొంతులో దిగి మళ్ళీ గంట వరకు మాట రాదు. ముక్కుకీ నోటికీ కలిపి గుడ్డ కట్టుకుని ఉంటాం. అయినా నలభై మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాట లేకుండా ఉంటారా? అందుకని పెదాలు కలిపే పాడతారు. గుడ్డ వెనక కూనిరాగం. మాటలుండవు, వరస ఒక్కటే. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అది ఏ పాటో కనిపెట్టాలి. ముందు కనిపెట్టినవాళ్ళకి ఆ పూటకి తలుపు దగ్గర చోటు, అక్కడ గాలి ఆడుతుంది. జవాబు చెప్పాలంటే గుడ్డ ఎత్తాలి, ఎత్తితే దగ్గు. కాబట్టి గట్టిగా తెలిస్తే తప్ప ఎవరూ ఎత్తరు.

ఈ ఆటకు పెద్ద దిక్కు నాగేంద్రమ్మ పిన్ని. యాభై అయిదేళ్ళుంటాయి, పెళ్ళి కాకముందు నుంచి కాయల పనే. పిన్ని తీసే కూనిరాగం వింటే పాటే కాదు, పాడిన మనిషి కూడా తెలిసిపోతారు. ఒకే వరసని ఒక గాయకుడు పాడినట్టు ఒకసారి, వేరే గాయకురాలు పాడినట్టు ఇంకోసారి తీస్తుంది. కుమారి తీసేవన్నీ డీజే పాటలు. డప్పు, మాటలు తీసేస్తే అవన్నీ ఒక్క పాటలాగే ఉంటాయని నేనంటాను. "మీ పాటలకి మాత్రం నిద్రొస్తదక్కా" అంటుంది. నిజం చెప్పొద్దూ, దాని పాటలు కూడా రెండు నాకు పట్టుబడ్డాయి, దానికి చెప్పకు.

నేను మొదటిసారి ఎత్తుకున్న పాట ఏదో నీకు చెప్పక్కర్లేదు. మనం బొంగురు బాబాయి అని పిలుచుకునే ఆ సినిమా గాయకుడి పాటే. మూడు రోజులు ఎవరూ కనిపెట్టలేకపోయారు. నాలుగోరోజు పిన్ని విసుగెత్తి "ఓడిపోయాంలే అమ్మాయ్, మాటలు చెప్పు" అంది. గుడ్డ ఎత్తి చెప్పాను, "కల్లాన కలిశాము ఇద్దరం" అని. పిన్ని కాయలు పక్కన పెట్టేసింది.

"కల్లంలోనా? ఆ కవి ఎవరోగానీ మన పని తెలిసినోడే. మా ఆయన నాకు కల్లంలోనే తగిలాడు" అంది.

ఆ సాయంత్రానికి షెడ్డు షెడ్డంతా ఆ వరసే.

నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు కోతలకి అమ్మానాన్నలతో మనమూ గుంటూరు వైపు వచ్చాం. నీకు పదకొండు, నాకు ఏడు. కల్లం గట్టున టార్పాలిన్ పట్టా కింద కాపురం. ఎర్రగా పరిచిన కాయల మధ్య నిలబెట్టిన ట్రాక్టరు, దాంట్లో టేపు. ఆ డ్రైవరు దగ్గర ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్టు. నువ్వు ట్రాక్టరు మడ్‌గార్డు ఎక్కి, ఇంజను చప్పుడులో చెవి టేపుకి ఆనించి వినేవాడివి. వినివచ్చి నాకు చెబితే నా చేతిరాత బాగుంటుందని నేను నోటుబుక్కులో రాసేదాన్ని. మొదటి పేజీలో మొదటి లైను ఆ పాటదే. కల్లాన కలిశాము ఇద్దరం. మనకి అందులో అనుమానమే రాలేదు. అమ్మానాన్నలు కలిసింది కల్లంలో, ఊళ్ళో సగం సంబంధాలు కుదిరేది కల్లంలో, సినిమావాళ్ళు మాత్రం ఇంకెక్కడ కలుస్తారు అనుకున్నాం. తర్వాత కనిగిరిలో ఆ సినిమా చూసినప్పుడు వాళ్ళు మంచుకొండల మీద గెంతుతుంటే, కల్లం ఎప్పుడొస్తుందా అని ఇంటర్వెల్ దాకా ఎదురుచూశాం. ఆ సీను కత్తిరించేశారని నువ్వే తేల్చావు.

మిగతా పిల్లలంతా పెద్ద పెద్ద గాయకుల కోసం కొట్టుకుంటుంటే మనం ఆయన్నే ఎందుకు పట్టుకున్నామో ఇక్కడికొచ్చాక ఆలోచించాను. ఆయన పాడినవన్నీ కలిపినా ఒక క్యాసెట్టు నిండదు. ఆ తర్వాత ఎక్కడికి పోయారో తెలియదు. గొంతు చూస్తే కొత్త గోనెసంచి మీద చెయ్యి రాసినట్టుంటుంది. పై స్థాయికి వెళ్ళేటప్పుడు వెళ్ళగలరో లేదో అని మనమే ఊపిరి బిగపట్టేవాళ్ళం. వెళ్ళగానే ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళం. గొప్పవాళ్ళు పాడుతుంటే విని మెచ్చుకుంటాం, ఆయన పాడుతుంటే మనమూ మోయాల్సొచ్చేది. అందుకే కాబోలు మనకి ఆయన సొంత బాబాయి అయిపోయారు. హీరోల అభిమానులు ఫ్లెక్సీలు కడతారు, పాలాభిషేకాలు చేస్తారు. ఒక గొంతుకి అభిమానులమై మనం ఏం కట్టాం? ఓ నోటుబుక్కు, అంతే. అది నీ దగ్గరే ఉందిగా, జాగ్రత్త.

ఇక ఒంగోలు సంగతి. ఆ రిసెప్షన్లో నువ్వు ఆ పాట ఎత్తుకోవడం, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి ఎవరో లేచి మైకు దగ్గరకొచ్చి "తమ్ముడూ, అది కలలోన, కల్లాన కాదు, ఇది మిరపకాయల బేరం కాదు" అనడం, హాలంతా నవ్వడం, అది ఎవడో వీడియో తీసి ఊరూరా పంపడం, ఇవన్నీ నేను అక్కడ లేకపోయినా వందసార్లు చూశాను. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను అన్నయ్యా. నవ్వి ఊరుకోలేదు. మన ఇంటి గ్రూపులో పెట్టి, కింద "మా మిరప కల్లం హీరో" అని రాశాను. ఎప్పటిలాగే ఏడిపిస్తున్నాననుకున్నాను. నువ్వు తిరిగి నాలుగు తిడతావు, నేను ఆరు తిడతాను, అయిపోతుందనుకున్నాను. ఐదు నిమిషాల్లో నువ్వు గ్రూపులోంచి వెళ్ళిపోయావు. బయటివాళ్ళు నవ్వితే నీకు అంత కష్టమయ్యేది కాదు. నేను నవ్వాను, అదీ నీ బాధ. అమ్మ చెప్పకపోయినా నాకు అర్థమైంది.

రెండు రోజుల తర్వాత ఆ వీడియో తిరిగి తిరిగి మా షెడ్డుకీ వచ్చింది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది.

"ఏందే ఇది? ఆ పిలగాడు బాగానే పాడుతున్నాడుగా. ఎందుకంట ఆ ఇకిలింపులు?" అంది.

"మాట తప్పు పాడాడంట పిన్నీ" అంది కుమారి.

"ఏం తప్పు? మనం రోజూ పాడేది అదేగా."

ఆ పిలగాడు మా అన్నయ్యే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. గుడ్డ ఇంకాస్త పైకి లాక్కున్నాను.

ఇప్పుడు రాయబోయే ముక్క అమ్మకి చదివి వినిపించకు. ఆ మాట తప్పని నాకు పదేళ్ళ నుంచీ తెలుసు.

ఒంగోల్లో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి దగ్గర పాటల పుస్తకం ఉండేది, బస్టాండుల్లో అమ్ముతారే, ఆ రకం. అందులో మన పాట దొరికింది. "కలలోన కలిశాము ఇద్దరం" అని ఉంది. ముందు అచ్చుతప్పనుకున్నాను. కింద చరణాలు చదివితే నిద్ర, రెప్పలు, తెల్లవారడం, అంతా కల సంగతే. అప్పుడు తెలిసింది మనం ఏం చేశామో. ఒక్కదాన్నే మంచం మీద పడి నవ్వాను. క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చింది నీకు ఆ సంగతి చెప్పి ఏడిపిద్దామనే.

ఆ సాయంత్రం నువ్వు వాకిట్లో కూర్చుని ఆ పాటే పాడుతున్నావు. అమ్మ బియ్యం చెరుగుతోంది. నువ్వు "కల్లాన" అనగానే చేట ఆపి నాన్న వైపు చూసింది.

"చెప్పులేసుకుని నా కాయల మీద నడిచిన మనిషివి" అంది.

"నడవబట్టేగా తిట్టావు. తిట్టబట్టేగా నీ మొహం చూసింది" అన్నాడు నాన్న.

అమ్మ చేటతో మొహం దాచుకుంది. అమ్మ సిగ్గుపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ పాట తన కోసమే కట్టారని అమ్మ నమ్మకం. దాన్ని దిద్దడానికి నాకు చేతులు రాలేదు. మింగేశాను. తర్వాత నువ్వు ఆర్కెస్ట్రాలో చేరావు, స్టేజీలెక్కావు. అప్పుడైనా నీ ఒక్కడి చెవిలో చెప్పాల్సింది. ఈసారి చెబుదాం, వచ్చేసారి చెబుదాం అనుకుంటూ ఒంగోలు దాకా తెచ్చాను. నోటుబుక్కులో ఆ మాట రాసింది నేను, తప్పని తెలిసి దాచింది నేను, నువ్వు నవ్వులపాలైతే నలుగురికీ పంపింది నేను. నువ్వు మాట్లాడటం మానేస్తే నాకు కోపం రాలేదు, న్యాయమే అనిపించింది. నన్ను క్షమించు అన్నయ్యా.

ఇక్కడితో ఆపేద్దునుగానీ మొన్న ఆదివారం ఒకటి జరిగింది. అది నీకు చెప్పకపోతే ఈసారి నాకు నిజంగానే క్షమాపణ ఉండదు.

మా షెడ్డు యజమాని మనవరాలికి ఓణీల ఫంక్షన్ చేశారు. మమ్మల్నందరినీ మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నారు. ఏసీ ఫంక్షన్ హాలు, పూల గోడలు, స్టేజీ మీద కీబోర్డు, పాడటానికి హైదరాబాదు నుంచి మనుషులు. మేము వెనక వరసల్లో కూర్చున్నాం. స్టేజీ మీద ఎవరో మైకు చూసుకుంటూ "హలో, చెక్" అన్నారు. ఆ బొంగురు గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆ ఒక్క "హలో" చాలు. పిన్ని మోచెయ్యి గట్టిగా పట్టుకుంటే "ఏందమ్మాయ్, గిల్లుతున్నావ్" అంది.

బాబాయి పొట్టిగా ఉంటారు అన్నయ్యా. మనం ఎంత పొడుగు ఊహించుకున్నామో. జుట్టుకి రంగు, కాస్త వదులైన కోటు, పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు. పాట పాటకీ ఒక గుక్క. అన్నీ వేరేవాళ్ళ పాటలే పాడుతున్నారు, జనం అవే అడుగుతున్నారు. ఆయన పాట ఒక్కటీ ఎవరూ అడగలేదు. యాంకరమ్మాయి ఆయన పేరు కూడా రెండుసార్లు తప్పు పలికింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. టేబులు మీద పేపర్ న్యాప్‌కిన్ తీసుకుని, కుమారి కాటుక పెన్సిలుతో పాట పేరు రాసి ఇచ్చి పంపాను.

చేతి అలవాటు. ఏం రాశానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

యాంకరమ్మాయి మైకులో చదివింది. "కల్లాన కలిశాము అంటండీ. కల్లానా? ఎక్కడ, మిరప కల్లంలోనా?" హాలంతా నవ్వింది. ముందు వరసల్లో పట్టుచీరలన్నీ వెనక్కి తిరిగి చూశాయి. నా చెవులు కాలిపోయాయి. కుర్చీ కిందకి దూరిపోదామా అనిపించింది. ఒంగోల్లో నీకెలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది, అదీ నేను కూర్చుని ఉన్నాను, నువ్వు స్టేజీ మీద నిలబడి ఉన్నావు.

ఆయన మాత్రం నవ్వలేదు. న్యాప్‌కిన్ అందుకుని చాలాసేపు చూశారు. "ఎవరమ్మా రాసింది?" అని అడిగితే చెయ్యి ఎత్తాను. కీబోర్డు అతనికి శ్రుతి చెప్పి ఎత్తుకున్నారు. మొదటిసారి "కలలోన" అని స్పష్టంగానే పాడారు. రెండోసారి ఊపిరి అందలేదు. ఆ "లలో" దగ్గర గొంతు జారింది. నేను రెప్ప వేయకుండా విన్నాను. వచ్చింది కలలోన కాదు, కల్లాన కాదు, రెండిటికీ మధ్య ఏదో. మూడోసారి మా వరసలోంచి పిన్ని అందుకుంది, "కల్లాన" అని నోరారా. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చున్నా పిన్ని నోరు తెరిచి పాడగా నేను వినలేదు. అంత పెద్ద గొంతు లోపల పెట్టుకుని తొడిమలు తీస్తోందని తెలియదు.

భోజనాల దగ్గర ఆయన ఒక మూల బల్ల దగ్గర ఒక్కరే కూర్చుని పెరుగన్నం తింటున్నారు. ధైర్యం చేసి వెళ్ళాను.

"ఆ చీటీ నువ్వేగా అమ్మా రాసింది?" అన్నారు.

"నేనేనండి. తప్పు రాశానండి, ఏమీ అనుకోకండి. చిన్నప్పుడు కల్లంలో ట్రాక్టరు టేపులో అలా వినపడిందండి. మా అన్నయ్య అలాగే నేర్చుకున్నాడు. అలా పాడాడని మొన్న ఒంగోల్లో నవ్వారండి. ఇక పాడనని కూర్చున్నాడు."

ఇంత అప్పజెప్పానా, కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన స్పూను పక్కన పెట్టారు.

"మీ అన్నయ్య తప్పు వినలేదమ్మా" అన్నారు. "రికార్డింగు రోజున నాకు జలుబు. ఆ ముక్క దగ్గర గొంతు జారిపోయింది. ఇంకోసారి పాడతానన్నాను. టైమైపోయింది, బాగానే ఉందిలే అన్నారు. క్యాసెట్టులో అదే వచ్చింది. ఇంట్లో మా ఆవిడ మొదటిసారి విని, కల్లం ఏంటండీ ఇందులో అని అడిగింది. ఆవిడ తర్వాత ఇన్నేళ్ళకి ఈ చీటీలోనే చూశాను ఆ మాట."

ఆయనే మళ్ళీ అన్నారు.

"అందరూ పుస్తకంలో చూసి, మనసులో దిద్దుకుని వింటారు. మీ అన్నయ్య నేను పాడింది పాడినట్టు విన్నాడు. తప్పు నాదని చెప్పు."

వీడియో తీయనా అని అడగబోయి ఆగాను. ఇంకో వీడియో నీకు పంపాలనిపించలేదు. ఆ న్యాప్‌కిన్ ఆయన జేబులోనే ఉంది. తీసి, ఆ కాటుక పెన్సిలే అడిగి, నేను రాసిన మాట కింద సంతకం పెట్టి ఇచ్చారు. మాటను దిద్దలేదు. దాన్ని ఈ ఉత్తరంతో పాటు మడిచి పెట్టాను. కాటుక కదా, కొంచెం అంటుకుంటుంది, నెమ్మదిగా విప్పు. అమ్మకి చూపించు, బొంగురు బాబాయి సంతకమని చెప్పు. పైనున్న మాట అమ్మే చదువుకుంటుంది.

సోమవారం షెడ్డులో చెప్పేశాను, ఆ వీడియోలో పిలగాడు మా అన్నయ్యేనని. పిన్ని నన్ను తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టడం కుదరదు. చివర్లో "వాణ్ణి పాడమని చెప్పు, లేకపోతే నేనే వచ్చి చెవి మెలేస్తానని రాయి" అంది. రాశాను.

మట్టల ఆదివారం నువ్వు ముందు నడవాలి. ఈత మట్ట పట్టుకుని నువ్వు ఎత్తుకుంటేనే వెనక ఊరు అందుకుంటుంది. నువ్వు లేకపోతే పాస్టరుగారే ఎత్తుకుంటారు, అప్పుడు శ్రుతి ఎటు పోతుందో ఆయన ఎదుట ఎవరూ అనరుగానీ అందరికీ తెలుసు. ఆర్కెస్ట్రా సంగతి నీ ఇష్టం, నేను అడగను. మన వీధిలో మాత్రం నోరు మూసుకోవద్దు. నోటుబుక్కులో మొదటి పేజీ చించకు, దిద్దకు. ఆ పాట ఎప్పుడైనా పాడాలనిపిస్తే ఏ మాట పెట్టి పాడతావో నువ్వే చూసుకో.

నాన్నకి, అమ్మకి, పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి నా వందనాలు చెప్పు. మీ ప్రార్థనల్లో నన్ను, నా దగ్గుని జ్ఞాపకం చేసుకోండి. సజ్జరొట్టెల మాట మర్చిపోకండి.

శనివారం సాయంత్రం ఆరింటికి షెడ్డు వదులుతారు. మొహం కడుక్కుని నీకు ఫోన్ చేస్తాను. ఈ ఉత్తరం అప్పటికి అందితే నా నంబరు మీద బ్లాక్ తీసెయ్యి. ఎత్తి ఏమీ మాట్లాడనక్కర్లేదు, నాతో మాట్లాడాలని ఇంకా లేకపోతే నేను అర్థం చేసుకుంటాను. పెదాలు కలిపి ఏదో ఒక వరస తియ్యి చాలు. కూనిరాగంలో మాటలుండవు, తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకదు. ఏ పాటో నేను చెబుతాను.

నీ కూనిరాగం కోసం చెవి ఒగ్గి ఉన్న,
నీ చెల్లెలు
సువార్త